నాలుగు, ఐదు తరగతుల లెక్కలు ఇంట్లో గట్టిపరచడం: స్థానవిలువ నుంచి దశాంశాల దాకా

మూడో తరగతి వరకు వేళ్లు మడిచో, గీతలు గీసో చాలా లెక్కలు నెట్టుకురావచ్చు. నాలుగు, ఐదుల్లో ఆ దారి మూసుకుపోతుంది. లక్షల్లో సంఖ్యలు, రెండంకెల గుణకారం, పెద్ద భాగహారం, భిన్నాలు, దశాంశాలు, వైశాల్యం, కోణాలు అన్నీ దాదాపు ఒకేసారి మీద పడతాయి. పైకి పది పాఠాలుగా కనిపించినా వాటి అడుగున ఉన్నవి రెండే సంగతులు. అంకె విలువ అది కూర్చున్న చోటును బట్టి పదింతలు మారుతుందన్నది ఒకటి. వంతు అనగానే "దేనిలో వంతు?" అని అడగాలన్నది రెండోది. పిల్లల తప్పుల్ని వెనక్కి తవ్వుకుంటూ వెళ్తే చాలాసార్లు ఈ రెండింట్లో ఏదో ఒకటి బయటపడుతుంది.

ముందు ఏడు లెక్కలు ఇచ్చి చూడండి

పాఠం మొదలుపెట్టకముందే ఈ ఏడూ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. టైము పెట్టొద్దు, సాయం చేయొద్దు. రబ్బరు మాత్రం తీసి పక్కన పెట్టండి, కొట్టేసిన అంకెలు కూడా మీకు కనబడాలి.

1. 503 − 267
2. 47 × 36
3. 4236 ÷ 7
4. 1/8, 1/6: ఏది పెద్దది?
5. 1/2 + 1/3
6. 0.5, 0.35: ఏది పెద్దది?
7. అన్న దగ్గర 24 గోళీలున్నాయి. తమ్ముడి దగ్గర ఉన్నవాటి కంటే అవి 8 ఎక్కువ. తమ్ముడి దగ్గర ఎన్ని?

సరైన జవాబులు వరుసగా: 236; 1692; భాగఫలం 605, శేషం 1; 1/6; 5/6; 0.5; 16.

ఎన్ని తప్పాయన్నది కాదు, ఏ తప్పు జవాబు వచ్చిందన్నది చూడాలి. మొదటిదానికి 364 వచ్చిందంటే ప్రతి నిలువు వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశారు. రెండోదానికి 423 వస్తే రెండో వరుసలో సున్నా మరిచారు. మూడోదానికి 65 వస్తే భాగఫలం మధ్యలో సున్నా జారిపోయింది. ఐదోదానికి 2/5, ఏడోదానికి 32 రావడం కూడా ఇలాంటివే. ఇవేవీ "అజాగ్రత్త" కావు. ఒక్కోదాని వెనకా పిల్లలు తమకు తాముగా కట్టుకున్న నియమం ఉంటుంది. ఆ నియమం ఎక్కడ విరుగుతుందో వాళ్ల కళ్లతో వాళ్లు చూస్తే తప్ప అది పోదు. "జాగ్రత్తగా చెయ్యి" అని వందసార్లు చెప్పినా పోదు.

మెట్టు 1: స్థానవిలువ

గళ్ల నోటుబుక్కు తెరిచి పైన లక్షలు, పదివేలు, వేలు, వందలు, పదులు, ఒకట్లు అని గడులు గీయండి. మీరు నోటితో చెప్పండి, పిల్లలు రాయాలి: నాలుగు లక్షల ఏడు, ముప్పై వేల నలభై, రెండు లక్షల ఐదు వందలు. వినబడిన మాటలకు అంకెలు వేసి, వినబడని చోట సున్నా వదిలేయడం ఇక్కడి తప్పు. నాలుగు లక్షల ఏడు 4,00,007 కావాల్సింది 47గానో 4007గానో దిగుతుంది. మనం మాట్లాడేటప్పుడు సున్నాను పలకం, రాసేటప్పుడు మాత్రం దానికి గడి కావాలి. గడులు గీసిన కాగితం మీద రోజుకు పది సంఖ్యల చొప్పున వారం రాయించి, ఆ తర్వాత గడులు తీసేయండి.

503 − 267 తప్పినవాళ్లకు అరువు తెచ్చుకోవడం మళ్లీ మొదటినుంచి చెప్పేకంటే ఇలా చూపించండి. 503లో 50 పదులు, 3 ఒకట్లు ఉన్నాయి. ఒక పది విప్పితే 49 పదులు, 13 ఒకట్లు. 13లో 7 పోతే 6. 49లో 26 పోతే 23. జవాబు 236. సున్నా దగ్గర ఆగి, పక్కింటికెళ్లి, అక్కడినుంచి మళ్లీ వెనక్కి రావడం అనే తికమక ఇందులో లేదు.

సవరించి రాయడంలోనూ ఒక మెలిక ఉంది. 4,478ని దగ్గరి వేలకు సవరించమంటే కొందరు 4,480, దాన్ని 4,500, దాన్ని 5,000 అని మెట్లు మెట్లుగా ఎక్కిపోతారు. సంఖ్యారేఖ మీద 4,000కీ 5,000కీ మధ్య 4,478ని గుర్తు పెట్టమనండి. అది సగానికి ఇవతలే ఉంది కాబట్టి జవాబు 4,000.

ఇంకో మాట. పదితో హెచ్చిస్తే "చివర సున్నా పెట్టు" అని నేర్పకండి. ఇవాళ పనికొస్తుంది, దశాంశాల దగ్గర 2.5 × 10 = 2.50 అనిపిస్తుంది. అంకెలన్నీ ఒక గడి ఎడమకు జరుగుతాయి, ఖాళీ అయిన గడిలో సున్నా కూర్చుంటుంది అని చెప్పండి. మాట కాస్త పెద్దదే, ఎప్పటికీ చెల్లుతుంది.

మెట్టు 2: ఎక్కాలు, గుణకారం

2 నుంచి 9 వరకు ఎక్కాల్లో 64 గడులుంటాయి. 3 × 7, 7 × 3 ఒకటే అని తెలిస్తే అవి 36కి దిగుతాయి. రెండో ఎక్కం అంటే రెట్టింపు. ఐదోదాంట్లో చివర 0 లేదా 5. తొమ్మిదోదాంట్లో పదో ఎక్కంలోంచి ఒకసారి తగ్గిస్తే సరి (9 × 7 అంటే 70లో 7 పోతే 63). ఈ మూడూ పక్కన పెడితే 3, 4, 6, 7, 8ల మధ్య మిగిలేవి 15 మాత్రమే. వాటిలోనూ మొండివి ఐదారు: ఆరేళ్లు, ఆరెనిమిదులు, ఏడేళ్లు, ఏడెనిమిదులు, ఎనిమిది ఎనిమిదులు. మొత్తం ఎక్కం పైనుంచి కిందికి వల్లె వేయించేకంటే ఈ కొన్నింటినీ చీటీల మీద రాసి రోజూ కలిపి అడిగితే త్వరగా పట్టుబడతాయి. పాటలా ఎక్కం అప్పజెప్పే పిల్లవాణ్ణి ఉన్నట్టుండి "ఏడెనిమిదులు?" అంటే మొదటినుంచి మొదలుపెడతాడు. వాడికి పాట వచ్చు, ఎక్కం రాదు.

రెండంకెల గుణకారానికి ముందు నాలుగు గదుల పెట్టె గీయించండి. 47ని 40, 7గా పైన, 36ని 30, 6గా పక్కన రాయాలి. నాలుగు గదుల్లో 1200, 210, 240, 42 వస్తాయి. కలిపితే 1692. తర్వాత మామూలు పద్ధతిలో చేయించి పక్కపక్కన పెట్టండి. మొదటి వరుస 282 అంటే 240, 42 కలిసినవి. రెండో వరుస 1410 అంటే 1200, 210 కలిసినవి. రెండో వరుస చివర సున్నా ఎందుకో అక్కడే తెలిసిపోతుంది: మనం 3తో కాదు, 30తో హెచ్చిస్తున్నాం. సున్నా బదులు చుక్కో, ఇంటూ గుర్తో పెట్టే అలవాటుంటే కొన్నాళ్లు సున్నానే రాయించండి.

లెక్క చేసేముందు అంచనా చెప్పించడం ఇక్కడ మొదలుపెట్టి ఇక ఆపకూడదు. 47 × 36 సుమారు 50 × 40, అంటే 2000 లోపు. 423 వచ్చిన పిల్లలకు మీరు తప్పు అని చెప్పనక్కర్లేదు. ఆ రెండు సంఖ్యల్ని పక్కపక్కన చూస్తే వాళ్లకే తెలుస్తుంది.

మెట్టు 3: భాగహారం

ఈ తరగతుల్లో పిల్లలు అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీనికే. భాగించు, హెచ్చించు, తీసివేయి, దించు అనే నాలుగు పనుల చక్రాన్ని బట్టీ పట్టిస్తే నడుస్తున్నంతసేపూ నడుస్తుంది, సున్నా రాగానే చక్రం ఊడిపోతుంది. అందుకని 4236 ÷ 7ని స్థానాల పేర్లతో చేయించండి:

4 వేలను ఏడుగురికి వేలుగా పంచలేం. విప్పితే, ఉన్న 2 వందలతో కలిపి 42 వందలు. తలా 6 వందలు. మిగిలింది ఏమీ లేదు. భాగఫలంలో 6ను వందల గడి మీద రాయాలి.

ఇప్పుడు 3 పదులు. ఏడుగురికి తలా ఒక పది కూడా రాదు. తలా సున్నా పదులు. ఆ సున్నాను పదుల గడి మీద రాయాలి. పిల్లలు ఇక్కడే "రాదు కదా" అని 6 దించేసుకుని ముందుకు పోతారు, 605 కాస్తా 65 అవుతుంది.

3 పదులు విప్పితే 30, ఉన్న 6తో 36 ఒకట్లు. తలా 5. శేషం 1.

సరిచూడటం: 605 × 7 = 4235, దానికి 1 కలిపితే 4236. అదే 65 × 7 అయితే 455 దగ్గరే ఆగిపోతుంది. ఒక చిన్న ఉపాయం: మొదటి అంకె ఏ గడి మీద పడుతుందో చూసి, అక్కడినుంచి చివరిదాకా భాగఫలం గడులకు ముందే చిన్న గీతలు పెట్టించండి. ఇక్కడ మూడు గీతలు. రెండు అంకెలే వస్తే ఒక గీత ఖాళీగా కనబడుతుంది. ఇది నెలరోజులు చేయిస్తే చాలు.

రెండంకెల విభాజకంతో చేసేటప్పుడు ఒకసారి ఊహించి, సరిపోకపోతే తగ్గించుకోవడం తప్పు కాదని చెప్పండి. 1058 ÷ 23 తీసుకోండి. 105లో 23 ఎన్నిసార్లు? 10లో 2 ఐదుసార్లు అనుకుని చూస్తే 23 × 5 = 115, ఎక్కువైంది. కాబట్టి 4. 92 పోతే 13. 8 దించితే 138. 23 × 6 = 138. జవాబు 46. కాగితం అంచున 23 ఎక్కం 9 దాకా రాసుకుని చేయడం మొదట్లో మంచిదే. కొట్టివేతలతో విసుగెత్తి భాగహారమే వద్దనుకునేకంటే అది నయం.

శేషాన్ని ఏం చేయాలన్నది ప్రశ్నను బట్టి ఉంటుంది. బస్సులో 40 మంది పడతారు, 130 మంది వెళ్లాలి, ఎన్ని బస్సులు కావాలి? భాగఫలం 3, శేషం 10, జవాబు 4. పెట్టెకు 40 పెన్సిళ్లు పడితే 130 పెన్సిళ్లతో ఎన్ని పెట్టెలు నిండుతాయి? జవాబు 3. 130 మీటర్ల తాడును 40 సమాన ముక్కలు చేస్తే ఒక్కోటి 3¼ మీటర్లు. ఒకే భాగహారం, మూడు జవాబులు. ఈ మూడూ ఒకే రోజు ఇచ్చి మాట్లాడించండి.

మెట్టు 4: కారణాంకాలు, గుణిజాలు

దీని మీద ఎక్కువ రోజులు పెట్టనక్కర్లేదు. కారణాంకాలను జతలుగా రాయడం అలవాటు చేస్తే ఏదీ తప్పిపోదు: 36కి 1 × 36, 2 × 18, 3 × 12, 4 × 9, 6 × 6. మొత్తం తొమ్మిది. 1 ప్రధాన సంఖ్యా కాదు, సంయుక్త సంఖ్యా కాదు. 2, 5, 10 భాజనీయత సూత్రాలు చివరి అంకెను చూసేవి, 3, 9వి అంకెల మొత్తాన్ని చూసేవి. గ.సా.భా., క.సా.గు. రెండూ కలగాపులగం అవుతాయి. 6, 8ల కనిష్ఠ సామాన్య గుణిజం 24 అని, 24, 36ల గరిష్ఠ సామాన్య భాజకం 12 అని పూర్తి పేర్లతో పలికిస్తే గుణిజం ఆ సంఖ్యల కంటే తక్కువ కాదని, భాజకం ఎక్కువ కాదని పేరులోనే తెలుస్తుంది.

మెట్టు 5: భిన్నాలు

గళ్ల కాగితంలోంచి 24 గళ్ల పొడవున్న పట్టీలు ఆరు కత్తిరించండి. 24 ఎందుకంటే దాన్ని 2, 3, 4, 6, 8, 12 భాగాలుగా మిగలకుండా చేయొచ్చు. ఒకదాన్ని అలాగే ఉంచండి, అది "ఒకటి". మిగతావాటిని 2, 3, 4, 6, 8 సమాన భాగాలుగా గీతలు గీసి, ఒక్కో భాగం మీద దాని పేరు రాయించండి. ఈ ఆరు పట్టీలు నెల్లాళ్లు పనిచేస్తాయి.

మొదటి పని పోల్చడం. ఆరో వంతు 4 గళ్లు, ఎనిమిదో వంతు 3 గళ్లు. ఎక్కువమందికి పంచితే తలా వచ్చేది తక్కువ అన్నది కళ్లెదుట ఉంటుంది కాబట్టి "8 పెద్దది కదా, 1/8 పెద్దది" అనే వాదన నిలవదు. తర్వాత లవాలు ఒకటైనవి (3/4, 3/8), ఆ తర్వాత సగంతో పోల్చేవి (3/8 సగానికి తక్కువ, 4/6 సగానికి ఎక్కువ) ఇవ్వండి. అన్నీ హారాలు సమం చేసే పోల్చాలనేం లేదు.

తెలుగులో చదువుకునే పిల్లలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. 3/4ను మనం "నాలుగింట మూడు" అంటాం. నోట హారం ముందొస్తుంది, కాగితం మీద లవం పైనుంటుంది. విన్నది విన్నట్టు పైనుంచి రాస్తే 4/3 అవుతుంది. కొన్నాళ్లు "మూడు, నాలుగో వంతులు" అని చదివించండి. ఎన్ని? మూడు. ఏవి? నాలుగో వంతులు. ఇలా చదివితే కూడిక కూడా తేలికవుతుంది: మూడు ఎనిమిదో వంతులు, రెండు ఎనిమిదో వంతులు కలిపితే ఐదు ఎనిమిదో వంతులు. వంతు పేరు మారదు. మూడు పుస్తకాలూ రెండు పుస్తకాలూ కలిస్తే ఐదు పుస్తకాలైనట్టే. పావు, అర, ముప్పావు అన్న మాటలు ఎలాగూ పిల్లల నోట్లో ఉంటాయి. పావూ పావూ కలిస్తే అర అని వాళ్లకు తెలుసు, 1/4 + 1/4 = 2/8 అని రాసినప్పుడు ఆ తెలిసినదాన్నే గుర్తుచేయండి.

ఇక 1/2 + 1/3. జవాబు 2/5 అని రాసినవాళ్లను ముందు ఒక్క ప్రశ్న అడగండి: 2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా? 5లో సగం రెండున్నర, కాబట్టి తక్కువ. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గుతుందా? ఇక్కడ కాసేపు మౌనంగా ఉండటం మంచిది. తర్వాత పట్టీలు తీయండి. సగం 12 గళ్లు, మూడో వంతు 8 గళ్లు, మొత్తం 20. 24లో 20 గళ్లు. ఆరో వంతుల పట్టీ పక్కన పెడితే సరిగ్గా ఐదు భాగాలు: 5/6. అంటే సగాన్ని మూడు ఆరో వంతులుగా, మూడో వంతును రెండు ఆరో వంతులుగా మార్చుకున్నాం. హారాలు సమం చేయడమంటే వంతులకు ఒకే పేరు పెట్టడమే. ఇది చేతితో నాలుగైదుసార్లు చేశాకే క.సా.గు. పద్ధతికి వెళ్లండి. వజ్ర గుణకారంలా అడ్డంగా హెచ్చించే దగ్గరిదారి మాత్రం ఈ వయసులో వద్దు. జవాబు వస్తుంది, అర్థం రాదు.

మిశ్రమ భిన్నాల తీసివేతలో 503 − 267 నాటి జబ్బే తిరగబెడుతుంది. 5¼ − 2¾కు 3½ రాస్తారు, ఎందుకంటే ముప్పావులోంచి పావు తీసేశారు. ఒకటిని విప్పితే నాలుగు పావులు. 5¼ అంటే 4, ఐదు పావులు. అందులోంచి 2, మూడు పావులు పోతే 2, రెండు పావులు: 2½. పదిని విప్పినట్టే ఒకటినీ విప్పుతున్నామని చెప్పండి.

ఒక సంఖ్యలో వంతు కనుక్కోవడానికి పొడవాటి పెట్టె గీసి భాగాలు చేస్తే చాలు. 20లో 3/4 అంటే నాలుగు గదుల్లో ఒక్కోదాంట్లో 5, మూడు గదుల్లో 15.

మెట్టు 6: దశాంశాలు

భిన్నాలు కుదురుకోకుండా ఇక్కడికి రావద్దు. 0.5 అంటే ఐదు పదో వంతులే కదా.

0.35 పెద్దదనే పిల్లలు చుక్క తర్వాతి భాగాన్ని విడి సంఖ్యగా చూస్తున్నారు. దానికి మన చదివే తీరూ సాయం చేస్తుంది. "పాయింట్ ముప్పై ఐదు" అంటే 35 వినిపిస్తుంది, "పాయింట్ ఐదు" కంటే పెద్దదిగా తోస్తుంది. "పాయింట్ మూడు ఐదు" అని విడివిడిగా చదివించండి. 10 × 10 గళ్ల చతురస్రం గీసి 0.5కు ఐదు నిలువు వరుసలు, అంటే 50 గళ్లు రంగు వేయించండి. 0.35కు 35 గళ్లే. కొందరు దీనికి విరుగుడుగా "అంకెలు ఎక్కువుంటే చిన్నది" అనే కొత్త నియమం కట్టుకుంటారు. అది పట్టుకోవడానికి 0.3, 0.45 జత కూడా ఇవ్వండి. రెండు జతలూ సరిగ్గా చెబితేనే అర్థమైనట్టు. 4.08, 4.8 మూడో జత.

కూడికలో 3.6 + 12ను 4.8 చేస్తారు, కుడి అంచుకు సర్ది రాయడం అలవాటు కాబట్టి. 12 అంటే 12.0 అని రాయించి చుక్క కింద చుక్క పెట్టించండి. గంటల దగ్గర ఇంకో ప్రమాదం: 1.5 గంటలు అంటే గంటా యాభై నిమిషాలు కాదు, గంటన్నర.

మెట్టు 7: కొలతలు, ఆకారాలు

24 సెం.మీ. దారాన్ని ముడివేసి, సెంటీమీటరు గళ్ల కాగితం మీద దీర్ఘచతురస్రాలుగా పరిపించండి. 1 × 11 అయితే వైశాల్యం 11 చదరపు సెం.మీ., 2 × 10 అయితే 20, తర్వాత 27, 32, 35, చివరికి 6 × 6 దగ్గర 36. దారం మారలేదు, లోపలి జాగా మారింది. చుట్టుకొలతకూ వైశాల్యానికీ తేడా దీనికంటే బాగా చెప్పే పాఠం లేదు. పది నిమిషాలు పడుతుంది.

కోణమానిని మీద రెండు వరుసల అంకెలుంటాయి కాబట్టి 50 డిగ్రీలను 130 అని చదివేస్తారు. కొలవకముందే "ఇది లంబకోణం కంటే చిన్నదా, పెద్దదా?" అని చెప్పించండి. తప్పు వరుస చదివితే వాళ్లే పట్టేస్తారు. స్కేలును 0 నుంచి కాక 1 నుంచి పెట్టి కొలిచేవాళ్లూ ఉంటారు, గమనించండి.

10:45కు మొదలై 1:20కి ముగిసింది, ఎంతసేపు? నిలువుగా తీసివేస్తే 13.20 − 10.45 = 2.75, "2 గంటల 75 నిమిషాలు" అని వస్తుంది. గంటకు 60 నిమిషాలు, పదుల లెక్క ఇక్కడ చెల్లదు. సంఖ్యారేఖ మీద గెంతించండి: 11 దాకా 15 నిమిషాలు, 1 దాకా 2 గంటలు, పైన 20 నిమిషాలు. మొత్తం 2 గంటల 35 నిమిషాలు.

మెట్టు 8: మాటల లెక్కలు

"ఎక్కువ అంటే కూడిక, తక్కువ అంటే తీసివేత" అనే సూత్రం దయచేసి నేర్పకండి. గోళీల లెక్కలో 32 వచ్చింది దానివల్లే. బదులుగా రెండు పట్టీల బొమ్మ గీయించండి. ముందు "ఎవరి పట్టీ పొడవు?" అని అడగాలి. అన్నది పొడవు, 24. తమ్ముడిది 8 పొట్టి. బొమ్మ గీశాక ఏం చేయాలో చెప్పనక్కర్లేదు. లెక్కలోని సంఖ్యలు తీసేసి కథ మాత్రం చెప్పించడం ఇంకో మంచి పద్ధతి. కథ చెప్పలేనివాళ్లకు వచ్చిన చిక్కు లెక్కలతో కాదు, చదవడంతో.

రోజుకు ఎంత, ఎప్పుడు మళ్లీ చూడాలి

రోజుకు 25 నిమిషాలు చాలు: ఐదు నిమిషాలు ఎక్కాల చీటీలు, పదిహేను నిమిషాలు ఇప్పుడున్న మెట్టు, ఐదు నిమిషాలు వెనకటి మెట్టులోంచి రెండు లెక్కలు. చివరి ఐదూ ఎగ్గొట్టకండి, మరిచిపోయేది అక్కడే తెలుస్తుంది. ఒకేరకం లెక్కలు ఇరవై ఇచ్చేకంటే వేర్వేరు రకాలు ఆరు కలిపి ఇవ్వండి.

ఆరు వారాల తర్వాత ఈ రెండో కాగితం ఇవ్వండి: 602 − 348; 58 × 24; 5418 ÷ 6; 3/5, 3/7లో పెద్దది; 1/4 + 2/3; 0.7, 0.68లో పెద్దది; చెల్లి దగ్గర 35 బొమ్మలున్నాయి, అవి అక్క దగ్గర ఉన్నవాటి కంటే 9 తక్కువ, అక్క దగ్గర ఎన్ని? జవాబులు: 254, 1392, 903, 3/5, 11/12, 0.7, 44. ఈసారి 346, 348, 93, 3/7, 26 లాంటి జవాబులు కనిపిస్తే అవి పాతవాటికి తోబుట్టువులే. మొత్తం మొదటినుంచి చెప్పక్కర్లేదు, ఆ ఒక్క మెట్టు దగ్గరికి వెళ్లి పట్టీలో, గడులో, పెట్టెలో మళ్లీ చేతికివ్వండి.